నల్లబెల్లానికి బెయిలు

హైవే మీద ఏ ఊరి పొలిమేర దాటినా ఒక బోర్డు తగులుతోంది: ‘బెల్లం టీ. షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగొచ్చు.’ ఈ పూచీ ఇచ్చినాయన ఏ మెడికల్ కాలేజీలో చదివాడని అడిగేవాడు లేడు. మామూలు టీ కంటే ఎక్కువ తీసుకుంటున్నాడు కదా, తెలిసే రాసి ఉంటాడు.

పంచదార విషం, బెల్లం అమృతం. మన షుగర్ వైద్యం మొత్తం ఈ ముక్క దగ్గరికొచ్చి ఆగింది. రెండూ ఆ చెరకు కడుపునే పుట్టాయి. తెల్లగా తేలినది విలనైంది, మట్టిరంగులో మిగిలినది సాధువైంది. 100 గ్రాముల బెల్లంలో 80 గ్రాములకు పైనే చక్కెరలు. అందులో సింహభాగం పంచదారలో ఉండే సుక్రోజే. దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టే ఎంజైము చిన్నపేగు చీకట్లో పనిచేసుకుంటుంది పాపం. రంగు చూసి వదిలేసే సౌకర్యం దానికి లేదు.

‘అయినా బెల్లంలో ఐరన్ ఉంటుందండీ!’ ఉంటుంది. టీలో వేసే ముక్కకి ఒక మిల్లీగ్రాము వస్తుందనే అనుకుందాం. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది. అంటే 29 గ్లాసులు. అవీ దండగే, ఎందుకంటే తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనీయకుండా అడ్డుపడే వాటిలో టీ ముందువరసలో ఉంటుంది. దొంగ చేతికి తాళాలిచ్చి, పైగా బెల్లం కూడా పెట్టి పంపుతున్నాం.

నల్లబెల్లం వైభవం మరీ చూడముచ్చట. ఒకప్పుడు అది పటికతో పాటు లారీలో దొరికితే ఎక్సైజు వాళ్లు ఫొటో దిగి పేపర్లో వేయించుకునేవారు, నాటుసారా సరుకని. ఇప్పుడదే గుడ్డసంచిలో కూర్చుని, మెడలో ‘ఆర్గానిక్’ చీటీ కట్టుకుని, సూపర్ బజార్లో ఏసీ కింద సేద తీరుతోంది. ఆ రోజుల్లో కొనేవాళ్లకి బంగారు రంగు కావాలి. వాళ్ల కోసమే పాకంలో హైడ్రోస్ వేసి తెలుపు తేల్చడం నేర్చారు. ఇప్పుడు నలుపు కావాలంటున్నారు. అనకాపల్లి మార్కెట్‌కి దిమ్మలు తోలే రైతు మనల్ని ఏమనుకుంటున్నాడో అడిగే ధైర్యం నాకు లేదు.

మొన్నొక పెళ్లిలో మా బంధువొకాయన, అరవై దాటినవాడు, గులాబ్‌జామ్ తెచ్చిన కుర్రాణ్ణి చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. ‘షుగరు బాబూ, బోర్డర్లో ఉంది.’ నాకు గౌరవం ముంచుకొచ్చింది. వెనకే బూరెల బేసిన్ వచ్చింది.

‘బెల్లంవేనా?’

‘బెల్లంవే బాబాయ్.’

‘అయితే రెండెయ్.’

రెండింటికీ నడినెత్తిన బొటనవేలితో చిల్లు పొడిచి, నెయ్యి గిన్నె కోసం అటూ ఇటూ చూశాడు. నెయ్యి పొంగి విస్తరి మీదికి జారేదాకా పోయించుకున్నాడు. తర్వాత జేబులోంచి మాత్ర తీసి, అలవాటుగా సగానికి విరవబోయి ఆగాడు. ‘ఇవాళ పూర్తిగా వేసేద్దాంలే.’

ఈ బోర్డర్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఇంకా రాకుండా గుమ్మంలో నిలబడ్డవాళ్లు 13.6 కోట్లు. సరిహద్దులో ఇంతమందిని మోహరించిన దేశం చరిత్రలో లేదు. మనకి తెలిసిన వాళ్లందరూ ఆ రెండో జాబితాలోనే ఉంటారు, మాత్రలు మింగుతున్నవాళ్లతో సహా. రక్తపరీక్షకి రెండు రోజుల ముందు కాకరకాయ రసం తాగి, రాత్రిపూట చపాతీతో సరిపెట్టి, ‘చూశారా, ఫాస్టింగ్ 110’ అంటారు. మూడు నెలల బాగోతం బయటపెట్టే హెచ్‌బీఏ1సీ పరీక్ష రాయించిన డాక్టరు మాత్రం ‘డబ్బు మనిషి’.

చపాతీ అంటే గుర్తొచ్చింది. అన్నం మానేశానని చెప్పేవాళ్ల కంచంలో అవి నాలుగుంటాయి, బంగాళాదుంప కూరతో. కొర్రలు, సామలు వచ్చాక ఆ మొహమాటమూ పోయింది. కొర్రల్లో పీచు ఉన్న మాట నిజమే. కానీ అన్నమైతే ఒక హస్తంతో లేచే మనిషి, కొర్రన్నమైతే రెండు హస్తాలు లాగిస్తున్నాడు, ఆరోగ్యం కదా అని. మనవాళ్లు తిండి మార్చమంటే పేరు మారుస్తారు, రంగు మారుస్తారు, కొనే కొట్టు మారుస్తారు. గరిటె సైజు మార్చమంటే మాత్రం డాక్టర్నే మార్చేస్తారు.

ఇక వంటింట్లో తెల్లగా మిగిలింది ఉప్పు. ఆ లోటూ తీరిపోయింది. గులాబీ రంగు ఉప్పు వచ్చేసింది, మామూలు ఉప్పుకి ఎన్నో రెట్ల ధర. అదీ సోడియం క్లోరైడేనని ఎవరైనా గొణిగితే వినకండి. పైన చెప్పిన టీకొట్టాయన పక్కన మజ్జిగ బండి కూడా పెడుతున్నాడట. బీపీ ఉన్నవాళ్ల కోసం రెండో బోర్డుకి ఆర్డరిచ్చేశాడు.