టామీ కళాపోసన

హాల్లో గోడకు శ్రీకాళహస్తి కలంకారీ, షోకేసులో కొండపల్లి దశావతారాలు. వచ్చిన చుట్టాలందరికీ ఇంటాయన "ఇదీ మన సంస్కృతి!" అని చూపిస్తాడు. అవతారాలు వరసగా చెప్పమంటే మాత్రం మూడోదాని దగ్గర ఫోను తీస్తాడు.

ఆ ఇంట్లో అసలు రసికులు ఇద్దరే. రంగు పట్టడానికి కలంకారీ గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెడతారు. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, పిల్లి రోజూ అంచు వాసన చూసి, గోళ్లతో నాణ్యత తేలుస్తోంది. తెల్లపొణికి కర్ర మెత్తదనం, బొమ్మల కాళ్లూ చేతులూ అతికే చింతగింజల మక్కు రుచి కుక్కపిల్ల టామీ పళ్లకే ఎరుక.

నిన్న మత్స్యావతారం తోక నమిలేసింది. ఇవాళ కూర్మం మీద పడింది.

వంటింట్లోంచి ఇంటావిడ కేకేసింది: "దానికైనా వరస తెలుసండీ!"