మర్నాటి పేపరు ఆఖర్న చదవండి

ఊళ్లో ఎప్పుడో జరిగిన చావు గురించి ఆరా తీసేవాళ్లకు అందరూ ఒకటే చెబుతారు: తేదీ కనుక్కో, మర్నాటి పేపరు తియ్యి. నేను వద్దంటాను. మర్నాటి విలేకరి చేతిలో స్టేషన్లో చెప్పిన నాలుగు ముక్కలు తప్ప ఏముంటాయి? ‘కడుపునొప్పి తాళలేక’, ‘మనస్తాపం చెంది’, ‘స్టౌ పేలి’ అన్న మాటలన్నీ అలా అచ్చయినవే. ముందు అది చదివామా, ఆ కారణమే మనసులో పాతుకుపోతుంది. తర్వాత ఏం దొరికినా దానికే అతికిస్తాం.

దశదిన కర్మ ప్రకటనతో మొదలుపెట్టండి. డబ్బిచ్చి వేయించుకున్నది, దాన్ని నమ్మేదేమిటంటారు. నేను దాన్నే ముందు నమ్మమంటాను. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు వరసగా ఉంటారందులో. ఎవరి పేరు లేదో చూడండి. పెళ్లయిన అమ్మాయి పోతే ప్రకటన పుట్టింటివాళ్లు వేశారా, అత్తింటివాళ్లా? భర్త పేరు లేకుండా అమ్మానాన్నలే వేస్తే అక్కడ ఆగండి. అది నేరానికి రుజువు కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది. మరుసటేడు వర్ధంతి ప్రకటన కూడా వెతకండి. ఏడాది తిరిగేసరికి కుటుంబం ఎలా చీలిందో అందులో కనబడుతుంది.

ఇందుకోసం రాజధానిలోని పెద్ద లైబ్రరీకి పరుగెత్తకండి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక ఊరి చావులు వాటిలోకి వెళ్లాయి. నగర ఎడిషన్ ఫైల్లో కావలి లాంటి ఊరి కబురు దొరకదు. ఆ ఊరున్న జిల్లాలోనే పాత పేపర్లు దాచినవాళ్లను పట్టుకోండి. ఇంకా పాతకాలం సంగతైతే వేటపాలెం వెళ్లండి. అక్కడి సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికలకు పెట్టింది పేరు.

మరణ ధ్రువపత్రం దొరికిందని సంబరపడొద్దు. చావుకు కారణం రిజిస్టర్లో ఉన్నా పత్రం మీద రాయకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమే చెబుతోంది. దానికోసం తిరిగే కాలాన్ని తర్వాతి రోజుల వార్తల్లో ‘ఎమ్మార్వో’ (మేజిస్ట్రేటు అధికారాలున్న మండల రెవెన్యూ అధికారి) అన్న మాట వెతకడానికి పెట్టండి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మేజిస్ట్రేటు విచారణ జరగాలని 1983లో చట్టం మారింది. అదే ఏడు అత్తింటి క్రూరత్వాన్ని నేరం చేసిన ఐపీసీ 498ఎ వచ్చింది, 1986లో వరకట్న మరణాలకు 304బి వచ్చింది. మండలాలు ఏర్పడిన 1985 తర్వాత ‘ఎమ్మార్వో సమక్షంలో శవపంచనామా’ అన్న వాక్యం కనిపిస్తే, దాన్ని ఒట్టి కడుపునొప్పి కేసుగా ఆనాడే వదిలేయలేదన్నమాట. నా మటుకు నాకు పెద్ద హెడ్డింగు కంటే ఆ ఒక్క వాక్యమే విలువైనది.

కోర్టు తీర్పు ఏళ్ల తర్వాత లోపలి పేజీల్లో చిన్న ముక్కగా వస్తుంది. అదీ వెతకండి. కేసు కొట్టేశారని ఉంటే మీ అనుమానంతో ఎవరి పేరూ బయటపెట్టకండి. బతికున్నవాళ్లు ఆ వీధిలోనే ఉంటారు.

ఇప్పుడు మర్నాటి పేపరు తియ్యండి. ‘పోలీసుల కథనం ప్రకారం’ అని ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో పెన్సిలుతో గీత పెట్టుకోండి. చివర ‘బంధువులు ఆరోపిస్తున్నారు’ అని ఒక్క ముక్క మిగిలితే, మీ నోటుబుక్కులో మొదట రాయాల్సింది దాన్నే.