చుక్క కింద గ్లాసు

నిన్నటిదాకా స్టవ్వు మీద పడిన చుక్క ఇవాళ భోజనాల బల్ల మీద పడుతోంది. చిల్లు మాత్రం ఈ రెండు చోట్లా లేదు. ఏసీ పక్కనో, వెంటు గొట్టం మొదట్లోనో దూరి, లోపలి ప్లైవుడ్డు వెంట పాక్కుంటూ వచ్చి, బుద్ధిపుట్టిన చోట దిగుతుంది. పదకొండు రోజులుగా నేను వెతకడం, అది చోటు మార్చడం.

మాది 28 అడుగుల ఆర్‌వీ, సెకండ్ హ్యాండు. నెత్తిన తెల్ల ఈపీడీఎం రబ్బరు. డాలస్ ఎండకి అది సుద్దలా రాలుతుంది. వాన పడితే ఆ సుద్ద పక్కల మీదికి కారి, బండి నిలువు నామాలు పెట్టుకుంటుంది. మొదట్లో భక్తే అనుకున్నాను. నామం నాకని ఎస్టిమేటు వచ్చాక తెలిసింది. కప్పు మార్చడానికి అడుగుకి 300 డాలర్లట. మొత్తం 8,400. బండి కొన్నదే 11,000కి!

సరే, అతుకు మనమే వేద్దామని నిచ్చెనెక్కాను. పాత ఓనరు కప్పు నిండా సిలికాన్ పూసి పోయాడు. ఈపీడీఎంకి సిలికాన్ సరిగ్గా పట్టదు. పైగా అది అంటిన చోట అసలు సీలెంటు కూడా పట్టదు. తను కాపరం చేయదు, ఇంకోదాన్ని చేయనివ్వదు. ముందు దాన్ని గీకాలి. గీకుతూనే ఉన్నాను. ‘తారు పోయించరా, పీడా పోతుంది’ అని ఫోన్లో నాన్న. తారు పెట్రోలియం బాపతు నాన్నా, రబ్బరు పాడవుతుందంటే, ‘మన ఊరి బడి మీద పోశారుగా, ఏమైంది?’ అన్నారు.

ఈలోగా చుక్క కింద ఏదో ఒకటి పెట్టాలిగా. బకెట్టు పెట్టాను. దానికీ చిల్లే. స్టీలు బేసిను తెచ్చాను. మా ఆవిడ దాన్ని తిప్పి, అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు చదివింది.

‘మా బాబాయి పెళ్లికి చదివించింది. కారే నీళ్లు పడతారా?’

డబరా తెచ్చాను. వాళ్ల పిన్నిది. పళ్లెం వాళ్ల మావయ్యది. మన ఇళ్లలో గిన్నె అంటే గిన్నె కాదు, రిజిస్టరైన దస్తావేజు.

‘మీవాళ్లవి పెట్టుకోండి.’

మావాళ్లవి వెతికితే దొరికింది ఒక్కటే. మా మేనత్త ఇచ్చిన గ్లాసు. పేరు మాత్రం ఇంటిపేరుతో సహా గ్లాసు చుట్టూ తిరిగొచ్చి మొదటి అక్షరాన్ని తాకుతుంది. పదహారేళ్లుగా మనసులో పెట్టుకున్న ఆ లెక్కని మా ఆవిడ ఆ రాత్రి తేల్చేసింది. అప్పట్నుంచీ వాన వచ్చిన రాత్రల్లా గంటకోసారి గొడుగేసుకుని బండిలోకి వెళ్లి, గ్లాసు పారబోసి వస్తున్నాను.

మొన్న పైన ఏసీ విప్పితే, దాని నీడన ఉన్న రబ్బరు ముక్క కొత్తదానిలా మెత్తగా ఉంది. తిరిగి తిరిగి అరిగిందనుకున్నాను కప్పు. కాదు, ఎండలో నిలబడి పోయింది. అమ్మానాన్నల్ని గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్దామని కొన్న బండి ఇది. మొదట వీసా తేదీ దొరకలేదు. దొరికేసరికి నాన్న మోకాళ్లు ఒప్పుకోలేదు.

రాత్రి బండిలో కూర్చుని ఉంటే ఆయనే ఫోను చేశారు.

‘ఇంకా కారుతోందా?’

‘లేదు నాన్నా.’

టంగుమంది.

‘అదేంట్రా చప్పుడు?’

‘అత్తయ్య ఇచ్చిన గ్లాసు.’

‘అది ఇంకా ఉందా!’ అని ఆయన సంబరపడిపోయారు.