ఎకరం ఉంది, ఎక్కడో ఉంది

కొలత లేని పల్లె భూమి కొనుగోలులో అన్నిటికన్నా గట్టిగా ఉండేది దస్తావేజులోని భాష. నిధి, నిక్షేపం, జలం, తరువు, పాషాణం మొదలుకొని అష్టభోగాలనూ పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రతారార్కం అనుభవించమని అమ్మేవారు రాసిస్తారు. నిధి నిజంగా దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పుకోవాలన్నది వేరే సంగతి. అన్ని భోగాలూ ఇచ్చిన ఆ కాగితం, భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాత్రం చెప్పదు.

చెప్పదంటే అన్యాయం. చెక్కుబంది ఉంటుంది. తూర్పు: మద్దిచెట్టు. దక్షిణం: వాగు. పడమర: బండ్ల బాట. ఉత్తరం: అమ్మేవారి మిగులు భూమి. నాలుగు దిక్కులూ నిండాయి కనుక రాసినవారి బాధ్యత తీరింది. మద్దిచెట్టు ఎవరింటికో దూలమై చాలా కాలమైంది. వాగుకు దస్తావేజులు చదివే అలవాటు లేదు, పెద్ద వాన పడ్డప్పుడల్లా కాస్త పక్కకు జరుగుతుంది. బండ్ల బాటను అటువాళ్లూ ఇటువాళ్లూ ఏటా ఒక్కో సాలు లోపలికి దున్నుకుంటూ రాగా ఇప్పుడు అందులో మేక ఒక్కటే, అదీ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవగలదు. మిగులు భూమిని ఆ తరవాత నలుగురికి అమ్మారు. ఆ నలుగురి కాగితాల్లోనూ దక్షిణపు హద్దు ‘ఇతరుల భూమి’.

విస్తీర్ణం దగ్గర ‘ఇంచుమించు’ అని ఒక మాట పడుతుంది. ఎంత ఇంచు, ఎంత మించు అన్నది కొన్నవారి అదృష్టం. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు కోర్టులు మామూలుగా స్పష్టమైన హద్దులవైపే మొగ్గుతాయి. అందువల్ల రెండెకరాలు కొన్న మనిషి, కొట్టేసిన మద్దిచెట్టు మొదలు ఎక్కడుండేదో చెప్పగల ముసలివాళ్ల కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

అంకెల్లోనూ చిక్కుంది. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. కాగితం మీద 2-10 అని ఉంటే గుంటూరు మనిషి రెండెకరాల పది సెంట్లని చదువుతాడు, నల్లగొండ మనిషి రెండెకరాల పది గుంటలని చదువుతాడు. తేడా పదిహేను సెంట్లు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే.

భూమి చూపించే తతంగం ఎండాకాలంలోనే జరుగుతుంది. పైరు ఉండదు, పక్క రైతులూ పొలంలో ఉండరు. మధ్యవర్తి గెట్టు మీద నిలబడి, తువ్వాలు విసిరి, ‘ఆ తాడిచెట్టు నుంచి ఈ బండ దాకా’ అంటాడు. కొనేవారు తాడిచెట్టునే చూస్తారు తప్ప ఆ బండ ఎవరి పట్టాలో ఉందని అడగరు. డాలస్‌లో ఉన్నవారికైతే ఈ ఎండ కూడా తగలదు, వాట్సాప్‌లో లొకేషన్ వస్తుంది. ఆ గుర్తు పొలం మీద కాక పక్కన తారురోడ్డు మీద పడినా, రోడ్డుకు దగ్గరేనని సంతోషిస్తారు.

ఆ తరవాత రిజిస్ట్రేషన్. సబ్ రిజిస్ట్రార్ ముద్ర పడితే భూమి తమదైపోయిందని జనం నమ్మకం. 1908 నాటి చట్టం కింద ఆయన నమోదు చేసేది దస్తావేజును. అమ్మేవారికి అసలు హక్కుందా అన్నది తేల్చడం, పొలానికి వెళ్లి గొలుసు పట్టడం ఆయన పని కాదు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న పంపకం, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా అందులోకి ఎక్కవు. అవి దావా రూపంలో తరవాత దర్శనమిస్తాయి.

పాతకాలంలో ఏ గెట్టు ఎవరిదో కరణానికో పట్వారీకో నోటికి వచ్చేది. ఆ నోటికి రేటు కూడా ఉండేది. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేశారు. రేటు మాత్రం ఊళ్లోంచి మండలానికి బదిలీ అయింది. తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ వచ్చింది. రికార్డు తెరమీదికి ఎక్కింది, పొలం కొలత ఎక్కలేదు. ఒకే సర్వే నంబరులో పాసుపుస్తకాలన్నీ కూడితే అసలు రికార్డులో ఉన్న భూమికన్నా ఎక్కువ తేలే చోట్లున్నాయి. భూమి పెరిగిందనుకుని సంతోషించాలేమో గానీ, దాన్నే ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. 2025లో వచ్చిన భూభారతి చట్టం పటం సంగతి ఎత్తింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. ఆ రీసర్వే తరవాత ఇచ్చిన పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో ఎక్కడా తప్పు పడలేదు, తప్పు పడిందని రైతులు మొత్తుకున్నది విస్తీర్ణాలే.

కొనేవారికి దారి లేదని కాదు. మండల సర్వేయర్‌కు దరఖాస్తు పెట్టి, పక్క రైతులకు నోటీసులు ఇప్పించి, పాత కొలతల రికార్డు (టిప్పన్ లేదా ఎఫ్‌ఎంబీ) దగ్గర పెట్టుకుని కొలిపించవచ్చు. భుజాల కొలతలతో పటం గీయించి దస్తావేజుకు జతచేయవచ్చు. నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఆ నంబరుందేమో చూడవచ్చు. అసైన్డ్ భూమైతే 1977 చట్టం మామూలుగా అమ్మకాన్నే ఒప్పుకోదు. ఇవన్నీ బయానాకు ముందు చేయాల్సిన పనులు. గొలుసు మాట ఎత్తగానే ‘మా మీద నమ్మకం లేదా’ అని అమ్మేవారు ముఖం మాడ్చుకుంటే, ఆ బేరం అక్కడే మానుకోవాలి.