‘ఏటుంది, సి షిఫ్టు’: సటీకా తాత్పర్యం

మూలం:

— ఏటొదినా, ఎలాగున్నావు?
— ఏటుంది, సి షిఫ్టు.
— మా ఆఫీసులో వాళ్ళు ఆ షీటు మళ్ళీ మొదట్నుంచి చెయ్యమన్నారు.
— ఇక్కడ దాయి రాలేదు. పోచా పెట్టాలి, బట్టలు తియ్యాలి. గిన్నెలు అలాగే ఉన్నాయి.
— సరే, లేస్తాను.
— కూచో వదినా. టీ పెడతాను.

అవతారిక: జంషెడ్‌పూర్, కదమాలో ఒక కంపెనీ క్వార్టరు. వైశాఖమాసం, మధ్యాహ్నం మూడున్నర. నాయిక ఈ ఇంటి ఇల్లాలు. సఖి రెండు వీధుల అవతల ఉంటుంది, ఒక ఆఫీసులో గుమాస్తా, ఆ రోజు ఒంటిపూట సెలవు పెట్టింది. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కుపని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. పరిచయమైంది బిష్టుపూర్ ఆంధ్రభక్త శ్రీరామ మందిరంలో, ప్రసాదం వరసలో. స్నేహం కుదిరింది మాత్రం అలెప్పీ బండిలో, బొబ్బిలి దాకా ఎదురెదురు బెర్తుల మీద. ఇక వ్యాఖ్యాత: రాత్రి పదికి డ్యూటీ ఎక్కి పొద్దున్న ఆరుకి దిగి, పక్కగదిలో తలుపు ఓరగా వేసుకుని నిద్రపోతున్నాడని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న మనిషి. అంటే నేను. వ్యాఖ్యలో పక్షపాతం కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మెదక్ దగ్గర కొల్చారం వాడు మల్లినాథసూరి. కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకి కూచుని రాసుకోవడానికి తాళపత్రాలున్నాయి. నాకున్నది ఓరగా వేసిన తలుపు. అయినా ఒట్టు ఒట్టే.

టీక: ఏటొదినా = ఏమిటి వదినా. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఎవరు పెద్దో తేల్చకుండా పదిహేనేళ్ళు నెట్టుకొచ్చిన పిలుపు ఇది, కదపకపోవడమే మంచిది. ఎలాగున్నావు = ప్రశ్న కాదు, తలుపు తియ్యడం.

ఏటుంది, సి షిఫ్టు = ఇక్కడ కాసేపు ఆగాలి. షిఫ్టు నాది. రాత్రంతా మిల్లు దగ్గర నిలబడ్డది నేను. ఆవిడ ఎలా ఉందని అడిగితే సి షిఫ్టు అనడం ఏమి న్యాయం? ఆలంకారికులు దీన్ని లక్షణ అంటారు. గంగలో గొల్లపల్లె ఉందంటే నదిలో ఇళ్ళు కట్టారని కాదు, ఒడ్డున అని. అలాగే నా షిఫ్టు ఒడ్డున ఆవిడ ఉంది. ‘ఏ’ షిఫ్టు వారమైతే నాలుగింటికి స్టవ్వు వెలగాలి, అయిదున్నరకి టిఫిను డబ్బా గుమ్మంలో ఉండాలి. బి షిఫ్టు వారం పిల్లలకి ఎనిమిదికోసారి, నాకు పదిన్నరకోసారి కంచాలు. సి షిఫ్టు వారం పగలే రాత్రి. లోపల మాకు రిలీవరని ఒకడుంటాడు. వాడొచ్చి నా చోట నిలబడేదాకా నేను కదలకూడదు. వాడు రాకపోతే నాకు డబుల్ డ్యూటీ, దానికి ఓటీ. ఈ ఊళ్ళో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. తొలి ఉక్కు దిమ్మ పోసింది కూడా ఆ ఏడే, అప్పటికి ఊరి పేరింకా సాక్చి. జంషెడ్‌పూర్ అన్నది 1919లో. వారానికి 48 గంటలు మించకూడదని దేశమంతటి కార్ఖానాలకీ హద్దు పెట్టిన చట్టం 1948 నాటిది. వంటింట్లో మాత్రం మూడు షిఫ్టులకీ ఒకటే చెయ్యి. రిలీవరన్న మాటకి అక్కడ ప్రయోగమే దొరకలేదు.

ఇది లక్ష్యార్థం సంగతి. వ్యంగ్యం ఇంకా దూరం పోతుంది. పొద్దు గుంకిందన్న ఒక్క మాటకి పనివాడికో అర్థం, పశువుల కాపరికో అర్థం, సంధ్య వార్చేవాడికో అర్థం, ఎదురుచూసే ప్రియురాలికో అర్థం తోస్తాయని కావ్యప్రకాశంలో మమ్మటుడు వరసపెట్టి చూపిస్తాడు. ఆయన మా క్వార్టర్లలో ఒక్క వారం ఉంటే ఆ ఉదాహరణ మార్చేవాడని నా నమ్మకం. మా ఆవిడ ‘సి షిఫ్టు’ అన్నదంటే, మా అబ్బాయికి: టీవీ గొంతు తగ్గించు. పై అంతస్తు వాళ్ళకి: ఇప్పుడు మిక్సీ వెయ్యకండి. గ్యాసు బండ తెచ్చినవాడికి: బెల్లు కొట్టకు, వేలితో తట్టు. నవమి చందాకి వచ్చినవాళ్ళకి: సాయంత్రం రండి, పర్సు నిద్రపోతోంది. బొబ్బిలి నుంచి ఫోను చేసిన వాళ్ళ అమ్మకి: నేను బాగానే తింటున్నాను, నువ్వు ఏడవకు. ఆఖరున సఖికి: మెల్లగా మాట్లాడు, కానీ మాట్లాడు. ఇంట్లో మనిషి ఉండీ మాట్లాడే మనిషి లేని వారం ఇది.

ఈ చివరి అర్థం నాకు తట్టడానికి ఇరవైరెండేళ్ళ సర్వీసు పట్టింది. సఖికి పట్టలేదు. ఎలా తెలిసిందంటే, ఆ మాట వినగానే ఆవిడ కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

మా ఆఫీసులో వాళ్ళు = సర్వనామం. ముందు ఎవరి పేరూ చెప్పకుండానే వచ్చింది. గుమాస్తాకి ‘వాళ్ళు’ అంటే పై ఆఫీసరు, పై ఆఫీసరుకి ‘వాళ్ళు’ అంటే ఆయన పైవాడు. ఇలా ఎంత పైకి ఎక్కినా ‘మేము’ అనేవాడు తగలడు. ఆ షీటు = ఎక్సెల్ షీటు. నాలుగువందల చిల్లర వరసలు. సోమవారం తారీఖు గడి ముందుకి జరపమన్నారు. మంగళవారం దాన్ని వెనక్కి పెట్టమన్నారు. జరిపి పెట్టినప్పుడల్లా కొన్ని తారీఖుల్లో రోజూ నెలా తారుమారై, మే నాలుగు కాస్తా ఏప్రిల్ అయిదో తారీఖు అనుకుని అమెరికా పద్ధతిలో కూచుంటాయి. వాటిని కళ్ళతో ఏరి చేత్తో దిద్దాలి. బుధవారం మొదట్నుంచి చెయ్యమన్నారు. ‘మళ్ళీ’ అన్న పదాన్ని ఆవిడ ఎంత సాగదీసిందో రాతలో చూపడానికి మన లిపిలో గుర్తు లేదు.

దాయి = పనిమనిషి. సంస్కృత ధాత్రీ శబ్దం హిందీలో దాయి అయింది. మన నిఘంటువుల్లో దాయ అంటే జ్ఞాతి, శత్రువు. కొత్తగా వచ్చిన తెలుగు కోడళ్ళు ఈ రెండింటినీ కలిపి ‘మా దాయి’ అన్న మాటకి కంగారు పడ్డ సందర్భాలున్నాయి. దాయి ఎందుకు రాలేదో మూలంలో లేదు. ఆవిడ ఇంట్లో గిన్నెలకి ఏ దాయి వస్తుందో అదీ మూలంలో లేదు. ఒట్టు ఉంది కనక రాయను.

పోచా = నేల తుడిచే తడిగుడ్డ. ఇదీ హిందీయే. గడ్డిపోచ అని అర్థం చెప్పే పాఠం అగ్రాహ్యం. బట్టలు తియ్యాలి = దండెం మీంచి. వైశాఖంలో ఈ వేళకి దల్మా కొండల వైపు మబ్బు నల్లబడితే కాలబైశాఖి అరగంటలో మీద పడుతుంది, ముందు దుమ్ము, తరవాత వాన. నా యూనిఫారం అప్పటికి దండెం మీదే ఉంది. రాత్రి పదికి అదే తొడుక్కోవాలి.

ఇప్పుడు వ్యాకరణం. పెట్టాలి, తియ్యాలి. ఈ ‘ఆలి’ పూర్వం వలయును, ఆ తరవాత వలెను. గ్రాంథికం నుంచి వంటింటికి వచ్చేసరికి ఇంత కురచైంది. పోచా పెట్టాను అంటే నేనని, పెట్టింది అంటే ఆవిడని, పెట్టాడు అంటే వాడని క్రియ తోకే చెప్పేస్తుంది. పెట్టాలి అన్నప్పుడు తోక లేదు. నేను పెట్టాలి, నువ్వు పెట్టాలి, ఆయన పెట్టాలి, అన్నిటికీ ఒకటే రూపం. తెలుగు ఇంత ధారాళంగా అందరికీ అవకాశం ఇచ్చిన క్రియలు ఎక్కువ లేవు. కర్తని అధ్యాహారం చేసుకోవాలి, అంటే చెప్పకుండా వదిలిన మాటని వినేవాడు తెచ్చి పెట్టుకోవాలి. ఆ మాట వినేవాళ్ళు ఇద్దరు: ఒకరు సఖి, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. రెండోవాడు నిద్రపోతున్నాడు. ఆ క్షణంలో నేను అటు తిరిగి పడుకున్నాను. మంచం కిర్రుమంది. ఆ చప్పుడుకి సంభాషణ ఒక క్షణం ఆగింది.

గిన్నెలు అలాగే ఉన్నాయి = పైకి స్వభావోక్తి. పొద్దుటి ఉప్మా మూకుడు అంచున ఎండి పెళుసెక్కింది, కుక్కరు అడుగున పప్పు పొర కట్టింది, పాలగిన్నెలో పోసిన నీళ్ళు తెల్లగా నిలబడ్డాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బరువంతా ‘అలాగే’ మీద ఉంది. ఎలాగ? పొద్దున్న ఆరున్నరకి నేను చూసి, దాటి, మంచినీళ్ళు తాగి పడుకున్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగ.

సరే, లేస్తాను = భవిష్యత్తు. ఎంత భవిష్యత్తన్నది మూలంలో స్పష్టం కాదు. ఈ మాట నాలుగూ పదికి ఒకసారి, నాలుగూ ఇరవైకి ఒకసారి, గుమ్మంలో చెప్పు వేసుకుంటూ ఒకసారి వినిపించింది. నేను మొదటి పాఠాన్నే స్వీకరించాను.

తాత్పర్యం: స్పష్టము. (వావిళ్ళవారి పాత పుస్తకాల్లో కష్టమైన పద్యం దగ్గర తాత్పర్యం కోసం పేజీ తిప్పి, ‘స్పష్టము’ అని చూసి, పంతుల్ని తిట్టుకున్న వాళ్ళకి ఈ సుఖం తెలుస్తుంది.)

చివరి వాక్యానికి టీక మిగిలింది. కూచో వదినా = కూచో, వదినా. టీ = టీ. పెడతాను = తోక ఉంది. ఇంత సంభాషణలో ఈ క్రియకీ ‘లేస్తాను’కీ తప్ప ఇంకెక్కడా ‘ను’ లేదు, అందులో జరిగింది ఇదొక్కటే. కర్త, నేను. అధ్యాహారం అక్కర్లేదు, లక్షణ లేదు, వ్యంగ్యం కోసం తలుపు దగ్గరికి చెవి జరిపాను గాని ఏమీ దొరకలేదు.

అల్లం దంచిన చప్పుడు. లైటరు మూడుసార్లు. పాలు పొంగబోయి ఆగిన చప్పుడు. తరవాత గట్టు మీద కప్పు పెట్టిన చప్పుడు, ఇంకో కప్పు పెట్టిన చప్పుడు.

మూడో కప్పుకి మూలంలో ఆధారం లేదు.