ఏ సైకిలు మాష్టారిది?

మొన్న సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నుంచి వస్తూ ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురూ డాబా మీద చేరితే నేనూ ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మాటల మధ్యలో ఒకబ్బాయి ఓ ప్రశ్న వేశాడు. అదుపు తప్పిన ట్రాలీ పట్టాల మీద దూసుకొస్తోంది. ఎదర ఐదుగురున్నారు. నీ చేతికందేలా ఓ మీట ఉంది. లాగితే ట్రాలీ పక్క దారి పడుతుంది, ఆ దారిలో ఉన్న ఒక్కడు పోతాడు. లాగుతావా, మానుతావా?

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి మాట విని ఎన్నేళ్ళయిందో! గొంతు సవరించుకునేలోపు ఒకడు "లాగుతా" అన్నాడు, ఇంకొకడు "లాగను" అన్నాడు. మావాడు ఫోను తీసి, 1967లో ఫిలిప్పా ఫుట్ అనే తత్వవేత్త మొదలుపెట్టిన ప్రశ్న ఇదని, అడిగితే ఎక్కువమంది లాగుతామనే అంటారని చదివి వినిపించాడు. అంతే. నిమిషన్నరలో ఐదు ప్రాణాలూ ఒక ప్రాణమూ తేలిపోయాయి. తరవాత క్రికెట్టు.

నాకు కోపమొచ్చింది. ఇంకా తగ్గలేదు.

మా రోజుల్లో అలాంటి ప్రశ్న ఒకటి చేతికందితే నెల్లాళ్ళు వదిలేవాళ్ళం కాదు. మా ఊరు తెనాలి దగ్గర. డెబ్బైల్లో మొదట సంస్కృతం మాష్టారి వీధరుగు మీద చేరేవాళ్ళం. అక్కడ ఒక తప్పు జరిగేది, దాచను. అరుగెక్కి కూర్చునేవాళ్ళు కొందరు, కింద నిలబడి వినేవాళ్ళు కొందరు. సైకిలు షాపతను ఏడాదిపాటు నిలబడే విన్నాడు. లెక్కల మాష్టారికి అది సరిపడలేదు. "నిలబడ్డవాడి ముందు కూర్చుని ధర్మం గురించి ఏం మాట్లాడతామండీ" అని ఓ సాయంత్రం చటుక్కున లేచి కాలువ వంతెన వైపు నడిచారు. మేమూ వెనకాలే వెళ్ళాం. సంస్కృతం మాష్టారు మూడు రోజులు రాలేదు. నాలుగోరోజు వచ్చి, కండువాతో పిట్టగోడ దులుపుకుని, సైకిలు షాపతని పక్కనే కూర్చున్నారు. ఆ తరవాత పన్నెండేళ్ళపాటు మా సభ అక్కడే.

నియమాలు మాత్రం ఆయనవే. మాటకి మాట పెట్టుకోవడం మూడు రకాలని గౌతముడి న్యాయసూత్రాలు చెబుతాయిట. నిజం తేల్చుకోడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. మన వంతెన మీద వాదమొక్కటే చెల్లుతుందనేవారు. ఎదుటివాడి మాటని ముందు నువ్వే చెప్పు, వాడు "అవును, నేనన్నదదే" అని తలూపాలి, అప్పుడు నీ మాట ఎత్తు. అదే పూర్వపక్షం. వినడానికి సులువుగానే ఉంటుంది. మనం ఒప్పుకోని మాటని మన నోటితో, దాని బలం తగ్గకుండా చెప్పడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. సగం తగాదాలు అక్కడే చల్లారేవి. శంకరులకీ మండనమిశ్రుడికీ వాదం జరిగినప్పుడు ఉభయభారతి ఇద్దరి మెళ్ళలో పూలదండలు వేసి, ఎవరి దండ వాడితే వారు ఓడినట్టని చెప్పిందన్న కథ కూడా అక్కడే విన్నాను. మాలో ఎవరైనా గొంతు పెంచితే పక్కవాడు "దండ వాడుతోంది" అనేవాడు. చాలు, గొంతు దిగేది.

ఇప్పుడు రాత్రి టీవీ పెడితే తెర మీద నాలుగు గళ్ళు, నాలుగు గళ్ళలో నలుగురు, నలుగురూ ఒక్కసారే అరుపు. దీన్ని చర్చ అంటున్నారు. నేను దీన్ని వితండమని కూడా అనను. పడగొట్టడానికైనా ఎదుటివాడి మాట వినాలి కదా!

మాకు ప్రశ్నలు పుస్తకాల్లోంచే రానక్కర్లేదు. ఊళ్ళో బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్ర నాటకం వేశారు. కాటి సీను అయ్యేసరికి తెల్లవారబోతోంది. జాషువా పద్యాలు చెవుల్లో మోగుతుండగా ఇంటికొస్తూ మొదలైంది, ఆడిన మాట కోసం ఆలిని అమ్మడం ధర్మమేనా అని. వారం రోజులు నడిచింది. కౌశికుడి కథ ఎత్తారు సంస్కృతం మాష్టారు. భారతం కర్ణపర్వంలో ఉంది. ఎన్నడూ అబద్ధమాడనని వ్రతం పట్టిన కౌశికుడు, తరుముకొచ్చిన దొంగలడిగితే, దాక్కున్నవాళ్ళు ఎటు పోయారో నిజం చెప్పేశాడు. దొంగలు వాళ్ళని చంపేశారు. ఆ నిజానికి కౌశికుడు నరకానికి పోయాడు. మరి హరిశ్చంద్రుడి నిజం ఏ లెక్కలోకి వస్తుంది?

ఆ వారంలో ఒకరోజు వాన పడుతోంది, వంతెన వదిలి మా ఇంటి వసారాలో చేరాం. లోపల్నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. "ఆయన సత్యం గురించి వారం నుంచి మాట్లాడుతున్నారు. అమ్ముడుపోయిందే, ఆవిడ కూడా ఏదైనా మాటిచ్చి ఉంటే దాని సంగతేమిటి? ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?" అంది. ఎవరికీ నోరు పెగల్లేదు. ద్రౌపది నిండు సభలో వేసిన ప్రశ్నకి భీష్ముడు తడబడ్డట్టే తడబడ్డాం. చివరికి సంస్కృతం మాష్టారు లేచి లోపలికి నమస్కారం పెట్టి, "అమ్మా, పూర్వపక్షం మీరు చెప్పారు, సిద్ధాంతం మా దగ్గర లేదు" అన్నారు. వంతెన మీద ఆడవాళ్ళకి చోటు లేకపోవడం మా కాలంలోని లోటు. ఆ లోటు వల్ల మేమెంత పోగొట్టుకున్నామో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. ఇవాళ ఆడపిల్లలు ఎక్కడైనా కూర్చుని ఏదైనా అడగొచ్చు. అడిగేందుకు ఒక సాయంత్రం ఖాళీగా ఉంచుకున్నవాళ్ళే కనపడటం లేదు, ఆడైనా మగైనా.

మాలో ఇద్దరుండేవాళ్ళు. గూడ్సు ఆఫీసు గుమాస్తా నాస్తికుడు. గోరా గారు ముదునూరులో 1940లో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో బెజవాడ పటమటకి వచ్చింది కదా, వీలున్న ఆదివారమల్లా రైలెక్కి అక్కడికి పోయేవాడు. పోస్టుమాస్టరు గారు ఏడాదికోసారి అరుణాచలం వెళ్ళొచ్చేవారు. దేవుడున్నాడా లేడా అని ఇద్దరూ ఆరేళ్ళు వాదించుకున్నారు. ఒకే బీడీకట్ట, ఒకే అగ్గిపెట్టె.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పదివేల పైచిలుకు ప్రాణాలు పోయాయన్నారు. వీళ్ళిద్దరూ బియ్యం బస్తాలూ పాతబట్టలూ వేసుకుని కలిసే వెళ్ళారు. బస్తాలు దింపాక శవాలు మోశారు. తొమ్మిది రోజులకి తిరిగొచ్చి పిట్టగోడ మీద కూర్చున్నారు. చాలాసేపటికి పోస్టుమాస్టరు గారు, "ఇది వాళ్ళ కర్మఫలమని నా నోటితో అనలేను. చేతుల్తో ఎత్తాను ఆ పిల్లల్ని" అన్నారు. గుమాస్తా, "నేను గెలిచానని నేనూ అనను. ఇలా గెలవడం నాకొద్దు" అన్నాడు. నలభై రోజులు ఆ వంతెన మీద దేవుడి మాట రాలేదు. మళ్ళీ మొదలైనప్పుడు ఇద్దరి వాదాలూ మారిపోయాయి. ఆయన దేవుణ్ణి న్యాయమూర్తి అనడం మానేశారు. ఇతను నమ్మేవాళ్ళని పిరికివాళ్ళనడం మానేశాడు. 1755లో లిస్బన్ నగరంలో పండగరోజు భూకంపం వచ్చి వేలమంది పోతే వోల్టేరు ఇదే ప్రశ్నతో వేగిపోయాడని చాలా ఏళ్ళ తరవాత చదివి, నాకు ఆ ఇద్దరే కళ్ళముందు మెదిలారు.

ఇప్పుడు వరదొచ్చినా రోగమొచ్చినా నీళ్ళు తీయకముందే ఫోన్లోకి రెండు రకాల కబుర్లొస్తాయి. ఇది ఫలానావాళ్ళ పాపమని ఒకటి, దేవుడు లేడనడానికి ఇదే రుజువని ఒకటి. పంపినవాడు ఒక్క శవాన్నీ మోసి ఉండడు.

ఆ రాత్రి డాబా మీద మనవడికి కౌశికుడి కథ చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు, మంచి పిల్లాడు. విని, మళ్ళీ ఫోను. "తాతయ్యా, హంతకుడు తలుపు తట్టినా అబద్ధం చెప్పకూడదని కాంట్ 1797లో రాశాడట" అన్నాడు. "మరి నువ్వేమంటావురా?" అన్నాను. ఫోన్నే అడిగాడు. అది ఇటు నాలుగు మాటలూ అటు నాలుగు మాటలూ చక్కగా పేర్చి ఇచ్చింది. పూర్వపక్షం అదే చెప్పింది, సిద్ధాంతం అదే చెప్పింది. వాడు ఒక్క రాత్రి నిద్ర పాడుచేసుకోలేదు. నిద్ర పట్టకుండా పక్క మీద అటూ ఇటూ దొర్లి, తెల్లారగానే పళ్ళు తోముకోకుండా స్నేహితుడి గుమ్మం ముందు నిలబడి "ఒరేయ్, నిన్న నువ్వన్నది తప్పురా" అనడంలోని సుఖం వాడికి తెలియకుండా పోతోంది. నా బాధంతా అదే.

సైకిలు సంగతి చెప్పాలి. లెక్కల మాష్టారికి 1958లో కొన్న సైకిలుండేది. ఏడాదికోటి చొప్పున అన్నీ మారుస్తూ వచ్చారు. టైర్లు, చైను, పెడళ్ళు, రిమ్ములు, హ్యాండిలు, సీటు. లారీ గుద్దినప్పుడు ఫ్రేము కూడా మారింది. ఓ సాయంత్రం షాపతను, "మాష్టారూ, ఇందులో మీరు కొన్న ముక్క ఒక్కటీ లేదు. ఇది మీ సైకిలేనంటారా?" అని అడిగాడు. రోజూ తొక్కుతున్నది నేనే కనక నాదే అన్నారు మాష్టారు. సంస్కృతం మాష్టారు నాగసేనుడి రథాన్ని దింపారు. చక్రాలు రథమా, ఇరుసు రథమా, ఏదీ కాకపోతే రథమెక్కడుంది అని బౌద్ధ భిక్షువు మిళిందరాజుని నిలదీసిన కథ. గుమాస్తా ఇంకో అడుగు వేసి, మన ఒళ్ళూ అంతే, ఏళ్ళు గడిచేకొద్దీ పాతది పోయి కొత్తది చేరుతుంది, నేను అనేవాడు ఒకడు లోపల నిలిచి ఉన్నాడనుకోవడం భ్రమ అన్నాడు. పచారీ కొట్టాయన గబుక్కున అందుకుని, "అంటే నా దగ్గర పోయినేడు అరువు పట్టుకెళ్ళినవాడు నువ్వు కాదా?" అన్నాడు. వారంపాటు ఆ అరువు మీదే నడిచింది చర్చ.

అప్పుడు సైకిలు షాపతను తన షాపులోంచి ఇంకో సైకిలు నడిపించుకొచ్చాడు. "మీవి తీసిన సామాన్లు నేను పారెయ్యలేదండీ. వంకరలు తీసి, అతికించి, అన్నీ మళ్ళీ బిగించాను. ఇప్పుడు చెప్పండి, ఈ రెంటిలో మాష్టారిదేది?"

నాలుగో తరగతితో చదువాపినవాడు. థీసియస్ ఓడ పలకలన్నీ ఒక్కొక్కటే మార్చేస్తే అది అదే ఓడా అని ఏథెన్సు పండితులు తగువులాడుకున్నారని ప్లూటార్కు రాశాడు. తీసేసిన పాత పలకలతో ఇంకో ఓడ కడితే ఏది అసలుదని 1655లో అచ్చయిన పుస్తకంలో హాబ్స్ అడిగాడు. మా వాడికి ఈ రెండు పేర్లూ తెలియవు. చేతిలో స్పానరుతో, తన దారిన తను అక్కడికి చేరుకున్నాడు. ఎవరూ చదివి వినిపించకపోబట్టే చేరుకున్నాడని నా నమ్మకం.

ఇప్పుడా వంతెన లేదు. రోడ్డు వెడల్పు చేసి కొత్తది కట్టారు, దాని మీద పది నిమిషాలు నిలబడితే లారీ కింద పడతాం. వీధరుగులు ఎప్పుడో పోయాయి. టీ కొట్లో బల్లలు తీసేశారు. అందరం ఉన్నప్పటి ఆ గుంపులో మిగిలింది నేనూ సైకిలు షాపతనూ. లెక్కల మాష్టారు పోయాక వాళ్ళావిడ ఆయన తొక్కిన సైకిలు ఇతనికే ఇచ్చేసింది. రెండూ షాపు వెనక పక్కపక్కన గోడకి ఆనించి ఉన్నాయి.

పది రోజుల కిందట అతను కబురు పెడితే వెళ్ళాను. మాష్టారి కొడుకు అమెరికాలో ఉంటాడు, నాన్నగారి సైకిలు జ్ఞాపకంగా ఇంట్లో పెట్టుకుంటాను పంపమని అడిగాడట. "ఏది పంపమంటారు?" అన్నాడు షాపతను. మాష్టారి చెమట పట్టింది ఈ హ్యాండిలుకే కనక ఇదే అన్నాను నేను. పెళ్ళయిన కొత్తలో భార్యని ఎక్కించుకుని తెనాలి తీసుకెళ్ళింది ఆ పాత ఫ్రేము మీదే కదా అన్నాడతను. "ముందు నేనన్నది నువ్వు చెప్పు" అన్నాను. చెప్పాడు, నాకంటే బాగా. దీపాలు పెట్టే వేళైంది, మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

రెండు సైకిళ్ళెందుకున్నాయో ఆ అబ్బాయికి తెలియదు. ఏదో ఒకటి త్వరగా పంపమని రోజూ ఫోను చేస్తున్నాడు. ఇంకా తేలలేదని చెబుతున్నాం.