కవ్వానికి కరెంటెందుకర్రా?

మొన్న మే నెలలో మా కోడలు నాలుగువేల ఎనిమిదివందలు పోసి ఒక యంత్రం తెప్పించింది. వెన్న తీసే యంత్రమట. అట్టపెట్టె విప్పితే లోపల స్టీలు డబ్బా, మూతమీద మోటారు, మోటారు కింద కడ్డీ, కడ్డీ చివర నాలుగు రెక్కలు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కవ్వమే కదమ్మా" అన్నాను. "కవ్వమే అత్తయ్యా, కాకపోతే కరెంటుది" అంది.

మా రోజుల్లో అని మొదలుపెడితే మీకు ఆవలింత వస్తుందని తెలుసు. వచ్చినా వినండి. నా కవ్వం మా ఊరి వడ్రంగి చేసిచ్చాడు. దానికని విడిగా డబ్బిచ్చింది లేదు. ఏడాదికోసారి కల్లంలో కొలిచే మేరలోనే నాగలి, కాడి, కవ్వం అన్నీ లెక్క. తాడు గోగునారతో మా మామగారు పేనారు. మిగిలింది కుండ. ఇంతే సరంజామా. అది ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఈ యంత్రానికి ఏడాది గ్యారంటీ అని కాగితంమీద రాసిచ్చారు, అదేదో వరమిచ్చినట్టు.

తెనాలి దగ్గర పల్లె మాది. 1968లో నేను కాపురానికి వచ్చేటప్పటికి ఇంట్లో రెండు పాడిగేదెలు ఉండేవి. పొద్దున పిండిన పాలు పెరట్లో దాలిమీదికి వెళ్ళేవి. గుంటలో పిడకలు పేర్చి, నిప్పువేసి, పైన పాలకుండ పెట్టి వదిలేస్తే సాయంత్రందాకా అది అలాగే మగ్గుతూ ఉండేది. పొంగదు, మాడదు. పాలు లేత ఎరుపు తిరిగి, పైన మీగడ రొట్టెలా పేరుకునేది. పొద్దుగూకాక గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడువేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు. ఆ పెరుగుకు పొగవాసన ఉండేది. ఇప్పుడు ఆ వాసన కావాలంటే ఏ అంగట్లో దొరుకుతుందో చెప్పండి.

కోడి కూయగానే చల్ల చెయ్యాలి. ఎండెక్కితే వెన్న పడదు. వసారాలో గుంజకు రెండు తాటి ఉంగరాలు ఉండేవి. వాటిలో కవ్వం కాడ దూర్చి, తాడు మూడు చుట్లు చుట్టి, కుండ ముందు పీటవేసుకుని కూర్చోవాలి. కుడిచెయ్యి లాగితే ఎడమచెయ్యి వదలాలి, ఎడమచెయ్యి లాగితే కుడిచెయ్యి వదలాలి. కొత్తకోడలిగా మొదటివారం నాకు రెండు చేతులూ ఒకేసారి లాగబుద్ధయ్యేది. కవ్వం కుండకు తగిలి ఠంగుమనేది. మా అత్తగారు లోపల పక్కమీదనుంచే, "కుండ పగిలితే మీ నాన్న కొనిపెడతాడా?" అనేవారు.

ఆవిడ చీకట్లో పడుకునే వెన్న పడిందో లేదో చెప్పేవారు. ఎలాగంటే శబ్దాన్నిబట్టి. మొదట్లో పెరుగు గుబగుబమంటుంది. కాసేపటికి నురుగెక్కి, శబ్దం మెత్తబడి, కవ్వం బరువెక్కుతుంది. చెయ్యి లాగేస్తుంది. ఇక నావల్ల కాదనుకునేవేళకి ఉన్నట్టుండి తేలికైపోయి, నీళ్ళలో తిప్పుతున్నట్టు చళక్ చళక్కుమంటుంది. కవ్వం పైకెత్తి చూస్తే సగ్గుబియ్యమంత పలుకులు అంటుకుని ఉంటాయి. అక్కడ ఆపాలి. ఓ చెంబెడు నీళ్ళుపోసి, కవ్వం నెమ్మదిగా నాలుగుసార్లు ఆడిస్తే పలుకులన్నీ ఒకదాన్నొకటి వెతుక్కుని ముద్దకడతాయి. వేసవిలో కుండనీళ్ళు పోసేవాళ్ళం, చలికాలంలో గోరువెచ్చటివి. వెన్న తియ్యబోయేముందు చెయ్యి చన్నీళ్ళలో ముంచాలి, లేకపోతే సగం వెన్న అరచేతికే.

ఇప్పుడు యంత్రం సంగతి. వారంరోజులు కూడబెట్టిన మీగడ డబ్బాను కోడలు పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసి గట్టుమీద పెట్టి ఆఫీసు మీటింగులో కూర్చుంది. హైదరాబాదు మే నెల, మూడో అంతస్తు, పడమటి వంటిల్లు. పన్నెండింటికి యంత్రం పెట్టింది. పదినిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. మోటారు వేడెక్కి కాలినవాసన వచ్చింది తప్ప వెన్న రాలేదు. లోపల చూస్తే తెల్లటి జిడ్డు, తలకి రాసుకునే క్రీములాగా, డబ్బా గోడలకి పట్టుకుని ఉంది. "మెషీను బాగాలేదు అత్తయ్యా, వాపసు పంపేస్తా" అంది.

నేనొప్పుకోలేదు. యంత్రం తప్పేముంది పాపం, తిప్పమంటే తిప్పింది. కొవ్వు సగం గట్టిగా, సగం మెత్తగా ఉన్నప్పుడే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మరీ చల్లగా ఉంటే నురుగు తప్ప వెన్న రాదు. వేడెక్కితే నూనెలా జారి చల్లలో కలిసిపోతుంది. పైగా ఎంత తిప్పితే అంత వేడి. సెలవులకి వచ్చిన నా మనవరాలు ఫోనులో వెతికి, "మీగడైతే పన్నెండు నుంచి పదహారు డిగ్రీలు ఉండాలట నానమ్మా" అంది. మా అత్తగారు డిగ్రీ అన్నమాట వినకుండానే పోయారు. ఆవిడ వేలు ముంచి చూసేవారు.

డబ్బాలో ఉన్నదంతా గిన్నెలోకి తీసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టించాను. గంటాగాక, ఊరగాయ అయిపోయిన పెద్ద గాజుసీసా ఒకటి కడిగి, సగానికి మాత్రం ఆ మీగడ వేసి, నాలుగు ఐసుముక్కలు పడేసి, మూత బిగించి మనవరాలి చేతికిచ్చాను. సగమే ఎందుకంటారా? నిండా పోస్తే లోపల అది కొట్టుకోవడానికి చోటేది? "ఊపవే" అన్నాను. రెండు నిమిషాలకి చెయ్యి నొప్పంది. జిమ్ముకి నెలకి పదిహేనువందలు కట్టే పిల్ల. చెయ్యి మార్చుకుని ఊపింది. మధ్యలో సీసా మూగబోయింది. లోపల ఏమీ కదలడంలేదు, చెడిపోయిందంది. ఊపమన్నాను. మరో మూడు నిమిషాలు గడిచాయో లేదో, "నానమ్మా! లోపల బంతిలాగా ఏదో తగులుతోంది!" అని అరిచింది. ఆ మొహం చూడాల్సింది. పాలలో నీళ్ళ మధ్య కొవ్వు ఉంటుందట, వెన్నలోనేమో కొవ్వు మధ్య నీళ్ళు ఉంటాయట, చిలికినప్పుడు అంతా తలకిందులవుతుందట. కాలేజీలో చదువుకుందట, ఇవాళే అర్థమైందట.

వెన్నను మూడునీళ్ళు కడిగించాను. మొదటినీళ్ళు తెల్లగా, రెండోవి పల్చగా, మూడోవి తేటగా రావాలి. చల్ల మిగిలితే మర్నాటికే పులుపువాసన కొడుతుంది. దీనికి మాత్రం ఎవరికీ ఓపిక లేదు. ముద్దయితే చాలు, తీసి పెనంమీద పడేస్తారు.

తూచి చూస్తే రెండువందల గ్రాములకి అటూ ఇటూగా వచ్చింది. రోజుకో లీటరు పాలు, వారం మీగడ. మా గేదెపాలు ఆరు లీటర్లు తోడుపెట్టి మొత్తం పెరుగు చిలికితే ఒక్కపూటలో దానికి రెట్టింపు పడేది. పాలలోనే ఉంది తేడా. మా ఇంట్లో మొన్నటిదాకా టోన్డ్ పాలు తెప్పించేవాళ్ళు. మూడుశాతం కొవ్వు. దానిలో మీగడ వెతకడమంటే నీళ్ళు చిలికి వెన్న తియ్యడమే. చిక్కటి గేదెపాలలో పాలపొడీ నీళ్ళూ కలిపి పదిమందికి అందేలా చేసే ఈ పద్ధతి బొంబాయిలో దారా ఖురోడీ అనే ఆయన తెచ్చాడట. 1963లో అమూల్ కురియన్‌గారితోపాటు ఆయనకీ మెగసెసే అవార్డు ఇచ్చారట. ఇవ్వాల్సిందే. పాలచుక్క ఎరగని పిల్లలకి పాలు పట్టించినవాడిని నేనెందుకు తిడతాను? కాకపోతే వెన్న కావాలన్నవాళ్ళు ఆరుశాతం కొవ్వుండే ఫుల్‌క్రీమ్ ప్యాకెట్టు తెచ్చుకోవాలి. అందులోనూ హోమోజినైజ్డ్ అని రాసి ఉంటే వద్దు. కొవ్వును పిండిపిండి చేసి పైకి తేలకుండా కట్టిపడేస్తారు. కాచి ఎంతసేపు చూసినా పొరే తప్ప మీగడ రాదు.

అసలు ఒళ్ళు మండేది ఇంకోటుంది. బిలోనా నెయ్యి! సీసామీద కుండబొమ్మ, పక్కన తలపాగా, లీటరు రెండువేల పైమాటే. బిలోనా అంటే ఏమిటని అడిగితే కవ్వంతో చిలకడమట హిందీలో. మా ఇంట్లో అటకమీద కవ్వం చెదలు పడుతుంటే, దాని పేరు పరాయిభాషలో రాసి మాకే అమ్ముతున్నారు. ఆ నేతిలో తమలపాకు వేసి కాచారా, మునగాకు వేశారా, చిటపట ఆగాక దించారా, అడుగున గసి ఇటుకరంగు తిరిగిందా, అదేదీ సీసామీద ఉండదు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది. ఆ రోజులు అన్నీ పూసకట్టిన నెయ్యేం కాదు. తెల్లవారుజామున లేచి చిలికింది నేను, వెన్నకుండ మూత తీసే హక్కు మా అత్తగారిది. నెయ్యి తెనాలి బజారుకి వెళ్ళేది. సర్కారు కిలోలు తెచ్చినా మా ఊళ్ళో ఇంకా వీశల లెక్కే. ఆ డబ్బుతోనే ఉప్పూ, చింతపండూ, తవుడూ. మిగిలిన నెయ్యి మగవాళ్ళ విస్తట్లోకి. నా మొదటి కాన్పయ్యేదాకా నా అన్నంలో నేతిచుక్క పడిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నెయ్యి కాచినరోజు మూకుడులో గసి మిగిలేది. అందులో వేడన్నం వేసి ఉప్పు చల్లి, అందరూ పడుకున్నాక వంటింట్లో నేనూ మా ఆడపడుచూ తినేవాళ్ళం. ఇప్పుడు మా కోడలు ఆ గసి తీసి చెత్తబుట్టలో వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

చల్ల మాత్రం ఎవరూ అమ్మేవాళ్ళు కాదు. పాడి ఉన్న ఇంట చల్ల అడిగితే లేదనకూడదు. చల్ల చేసే శబ్దం వినపడితే చాలు, ఇరుగుపొరుగు ఒక్కొక్కళ్ళే వచ్చేవాళ్ళు. ముంత కొంగుచాటున పెట్టుకుని వానల గురించీ, పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడేవాళ్ళు. చల్లకొచ్చి ముంత దాచడమని మీరు సామెతలో చదువుకున్నది నేను రోజూ చూశాను.

ఆరోజు సీసాలో లీటరుకి తక్కువగా చల్ల మిగిలింది. ఇంట్లో తాగేది ఇద్దరమే. కరివేపాకూ అల్లమూ నలిపివేసి, ఎదురుఫ్లాట్‌లో ఈమధ్యే దిగిన అమ్మాయికి పట్టుకెళ్ళాను. సీసా చేతికి తీసుకుని, మంచిపిల్లే, నవ్వింది. "ఎంత పంపమంటారు ఆంటీ? మీకు ఫోన్‌పే ఉందా?" అంది.

నాకు నోట మాట రాలేదు. "తాగమ్మా" అని వచ్చేశాను.

రెండోరోజు తలుపు కొట్టింది. సీసా శుభ్రంగా కడిగి తెచ్చింది. అందరికీ కనపడేలా చేత్తో పట్టుకునే నిలబడి, "మళ్ళీ ఎప్పుడు చేస్తారు ఆంటీ?" అని అడిగింది.